ఒక్క గీత

పిల్లికి కూడా బిచ్చం పెట్టడని
రాణీగంజ్‌లో నా మీద మాట.
నిజమే. పాతికేళ్ళుగా బోల్టులూ మరమేకులూ అమ్ముతున్నాను,
డజనుకి ఒకటి ఎక్కువ పడితే
వెనక్కి తీసుకునే చెయ్యి ఇది.

ఆ చేత్తోనే ఇప్పుడు
పొద్దున ఆరున్నరకి, మళ్ళీ సాయంత్రం ఆరున్నరకి
గవ్వ మెడ వెనక తోలు చిన్న గుడారంలా పైకెత్తుతాను.
సీసా కుదపకూడదు,
వత్తి చేసినట్టు అరచేతుల మధ్య దొర్లించాలి.
ఎర్రమూత సిరంజి, నలభై గీతలు.
నాకు కావలసింది అందులో ఒక్కటి.
వెర్నియర్ పట్టి వెంట్రుక మందం చెప్పేవాణ్ణి,
ఆ ఒక్క గీత దగ్గర గాలిబుడగ కనబడితే
చెమటలు పడతాయి.

గవ్వ నాది కాదు.
వారాసిగూడలో అద్దెకి దిగినప్పుడు
గోడకున్న మేకులాగే గదితో పాటు వచ్చింది.
వీపు మీద మచ్చలు చూసి పేరు మాత్రం నేను పెట్టాను.
ఎండాకాలం గిన్నెలకి గిన్నెలు నీళ్ళు తాగుతుంటే
ఉక్కకేమో అనుకున్నాను.
ఇసుక తట్ట రోజూ ముద్దయ్యేది.
తింటూనే ఉంది, వెన్నుపూసలు లెక్కకొస్తూనే ఉన్నాయి.
నారాయణగూడ పశువుల ఆస్పత్రిలో
ఒక మేకకీ ఒక కుక్కకీ మధ్య మూడు గంటలు కూచున్నాక
డాక్టరమ్మ చెప్పింది, నాలుగు వందల ఎనభై అని.
రూపాయలనుకుని జేబు తడుముకున్నాను.

కింది వాటాలో ఖుర్షీద్ ఆపా
పన్నెండేళ్ళుగా తన పొట్టకి తానే పొడుచుకుంటోంది.
నాకు ఆమే నేర్పింది, ముందు సంత్రా పండు మీద.
"డరో నక్కో. హల్లూ, హల్లూ."
గవ్వ అరవలేదు.
ఎవరో పిలిచారన్నట్టు వెనక్కి చూసి
మళ్ళీ గిన్నెలో మూతి పెట్టింది.

గ్యాస్ ఏజెన్సీ క్యాలెండర్ వెనక
తేదీ, చెవి అంచు నుంచి ఒక బొట్టు, ఒక అంకె.
అన్నం బంద్. పాలు బంద్.
పిల్లికి పాలు మాన్పించిన పాపానికి
ఏ నరకంలో నా పేరు రాసుకున్నారో.
ఐదింటికే కౌంటర్ సర్దుతుంటే
భన్వర్‌లాల్ సేఠ్ నవ్వాడు, "పిల్లికి షుగరా!"
నవ్వుతూనే టేబుల్ సొరుగులో జిలేబీ పొట్లం లోపలికి తోశాడు.

శ్రావణంలో ఒక రాత్రి
వాన, కరెంటు లేదు.
ఆ రోజు హడావుడిలో తినకముందే పొడిచాను.
తర్వాత తిన్నదంతా కక్కింది.
తొమ్మిదింటికి నడుస్తూ నడుస్తూ
తాగినవాడిలా గోడకి ఒరిగింది.
టార్చి వెలుగులో మీటరు: నలభై ఆరు.
ఇన్నాళ్ళూ ఎక్కువకి ఏడ్చినవాణ్ణి
ఆ తక్కువని చూసి కూలబడ్డాను.
ఆపా అరిగిన మోకాళ్ళతో మెట్లెక్కింది, చేతిలో తేనె సీసా.
చిగుళ్ళకి రాశాను. ఫోన్‌లో డాక్టరమ్మ,
"రాస్తూ ఉండండి, పావుగంటకోసారి చూడండి."
యాభై ఎనిమిది.
వాన.
డెబ్భై ఒకటి.
తొంభై దాటాక గవ్వ నా బొటనవేలు కొరికింది.

రక్తం.
"ఉత్తగ పోనియ్యకు" అని ఆపా నా వేలు లాక్కుని
ఆ బొట్టు కూడా స్ట్రిప్‌కి తాకించింది.
స్ట్రిప్ ఖరీదు నా నోటిదాకా వచ్చింది.
మీటరు ముందే చెప్పేసింది:
రెండు వందల ముప్పై.

ఇప్పుడు క్యాలెండర్ వెనక రెండు వరసలు.
ఎడమది దానిది.
నాకింకా మాత్రలు చాలన్నారు.
ఉప్పులేని కోడి ఇద్దరం తింటున్నాం, అది ఇష్టంగా.

నిన్న దానిది నూట ముప్పై ఎనిమిది.
నా గడి ఖాళీ.
వస్తూ వస్తూ బేకరీలో దిల్‌పసంద్,
సగం ముక్కే.
తలుపు తీయగానే గవ్వ నా వేళ్ళు వాసన చూసింది,
తలెత్తి నా మొహంకేసి చూసింది.
ఆరున్నర కావడానికి ఇంకా రెండు నిమిషాలుంది.